రెండు చెంచాల తర్వాత

ఒక తల్లి రాసిన ఆరు పేజీల ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. అందులోని సంగతులు కుదించి, వీలైనంతవరకు ఆవిడ మాటల్లోనే చెబుతాను.

"మాకు ఇద్దరు పిల్లలు. పాపకు 9 ఏళ్లు, బాబుకు నాలుగున్నర. బాబుకు పది నెలలప్పుడు మొదటిసారి పోతపాలు పడితే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, మొహం ఉబ్బింది, వాంతి చేసుకున్నాడు. పాల అలెర్జీ అన్నారు. రెండేళ్లప్పుడు వేరుశనగ నోటికి తగిలి పెదవులు వాచాయి. అప్పుడు ముప్ఫై రకాల ఆహారాలకు రక్తపరీక్ష చేయిస్తే తొమ్మిదింటికి పాజిటివ్ వచ్చింది. గుడ్డు, గోధుమ, సోయా, నువ్వులు, చేప కూడా ఆ జాబితాలో ఉన్నాయి. గుడ్డు, గోధుమ అంతకుముందు వాడు హాయిగా తినేవాడు. అయినా రిపోర్టు చూసి భయమేసి, ఆ రోజే తొమ్మిదీ ఆపేశాను. రెండున్నరేళ్లుగా తిరగేసి మరగేసి అవే ఆరేడు రకాలు పెడుతున్నాను. ఏడాదిగా బరువు పెరగలేదు.

రెండు నెలల క్రితం నేను ఆఫీసులో ఉండగా మా అత్తగారు 'కొంచెమైతే ఏం కాదులే' అని పాలు కలిసినదేదో రెండు చెంచాలు పెట్టారు. నేను ఇంట్లోకి వచ్చేసరికి వాడు దగ్గుతున్నాడు, ఒళ్లంతా ఎర్రబడింది. ఇంట్లో ఉన్న అలెర్జీ సిరప్ పోసి, తగ్గుతుందేమోనని ఇరవై నిమిషాలు చూశాను. వాడు మెత్తగా వాలిపోయాక పరుగెత్తాం. ఆసుపత్రిలో ఆడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చాక తేరుకున్నాడు. ఆ ఇరవై నిమిషాలు రోజూ రాత్రి కళ్ల ముందు తిరుగుతున్నాయి.

అప్పటినుంచి అత్తగారితో మాట్లాడటం లేదు. ఎవరింటికీ వెళ్లడం లేదు. మావారు 'నువ్వు మరీ అతి చేస్తున్నావు' అంటారు. ఆ తర్వాత డాక్టరు రాసిచ్చిన ఆడ్రినలిన్ పెన్నును, అంటే తొడకు నొక్కితే మందు దిగే ఇంజెక్షన్‌ను, బీరువా పై అరలో తాళం వేసి పెట్టాను, ఆయన ఇంతవరకు దాన్ని చేత్తో పట్టుకోలేదు. పాప పుట్టినరోజు ఇంకో మూడు వారాల్లో ఉంది. కేకు వద్దన్నానని 'తమ్ముడి వల్ల నాకు ఏదీ ఉండదు' అని ఏడ్చింది. బాబు మొన్న 'పాలు తాగితే నేను చచ్చిపోతానా?' అని అడిగాడు. జవాబు చెప్పలేక అక్కడినుంచి లేచి వెళ్లిపోయాను. వచ్చే నెల వాణ్ని బడిలో వేయాలి. ఉద్యోగం మానేసి ఇంకో ఏడాది ఇంట్లోనే ఉంచుకోమంటారా? అత్తగారిని క్షమించాలా? కడుపుతో ఉన్నప్పుడు నేనేమైనా తినకూడనిది తిన్నానా?"

అమ్మా, మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. నేను మాత్రం మీరు అడగని దానితో మొదలుపెడతాను. ఆ ఇరవై నిమిషాలతో.

మీ చేతిలో ఆ రోజు ఉన్న మందు ఆ సిరప్ ఒక్కటే. అదివరకు దద్దుర్లు వచ్చినప్పుడు అదే ఇచ్చారు, అదే తగ్గించింది. ఇది వేరే రకం రియాక్షన్ అని, దానికి మందు వేరే అని మీకు ఎవరూ చెప్పలేదు. తెలిసి ఆలస్యం చేయడం వేరు, తెలియక చూస్తూ ఉండటం వేరు. మీది రెండోది. ఈ మాట నేను మిమ్మల్ని ఓదార్చడానికి అనడం లేదు. మీరు ఆ నిమిషాలను తలచుకుని కుమిలిపోతున్నంత కాలం వాటినుంచి నేర్చుకోవలసింది నేర్చుకోలేరు. ఆ పెన్ను బీరువాలో తాళం వేసి ఉందని చదివినప్పుడే నాకు ఆ సంగతి అర్థమైంది.

సిరప్ ఏం చేస్తుంది, ఇంజెక్షన్ ఏం చేస్తుంది అన్నది మీ ఇంట్లో అందరికీ తెలియాలి. అలెర్జీ వచ్చినప్పుడు ఒంట్లోనుంచి ఒక్కసారిగా విడుదలయ్యే రసాయనాల్లో హిస్టమిన్ ఒకటి మాత్రమే. సిరప్ దాన్నే ఆపుతుంది, అదీ నెమ్మదిగా. దురద, దద్దుర్లు తగ్గుతాయి. ఊపిరితిత్తుల దారులు మూసుకుపోతుంటే తెరవలేదు, పడిపోతున్న రక్తపోటును నిలబెట్టలేదు. ఆ రెండు పనులూ చేసేది ఆడ్రినలిన్. అందుకే ఒళ్లంతా వ్యాపించే ఆ తీవ్రమైన రియాక్షన్‌కు, అనఫిలాక్సిస్‌కు, మొదటి మందు అదే. తొడ బయటివైపు మధ్యభాగంలో, బట్టల మీదనుంచే వేయవచ్చు. వేశాక బిడ్డను పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తులో పెట్టాలి. ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టవచ్చు, వాంతులైతే పక్కకు తిప్పాలి. లేపి నిలబెట్టకూడదు, నడిపించకూడదు. అంబులెన్సును పిలవాలి. ఐదు నిమిషాల తర్వాత కూడా తేరుకోకపోతే రెండోది వేయాల్సి రావచ్చు. అందుకే ఒకటి కాదు, రెండు పెన్నులు ఎప్పుడూ దగ్గర ఉండాలి. బాగైపోయాడనిపించినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, ఎందుకంటే కొందరిలో కొన్ని గంటల తర్వాత రియాక్షన్ మళ్లీ తిరగబెడుతుంది.

"ఇవ్వాలా వద్దా" అన్న సందేహమే ఎక్కువమందిని ఆపేది. మీ బాబు వంటి పిల్లవాడు పాలో వేరుశనగో తిన్నాడని తెలిసి, దగ్గు, ఆయాసం, గొంతు బొంగురుపోవడం, ఆగకుండా వాంతులు, మెత్తబడి వాలిపోవడం లాంటివి కనిపిస్తే ఇవ్వాలి. దద్దుర్లు రావాలని ఎదురుచూడనక్కర్లేదు. అవి ప్రతిసారీ రావు. ఇచ్చాక కాసేపు గుండె దడగా ఉంటుంది, వణుకు వస్తుంది, మొహం పాలిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు దానివల్ల వచ్చే ప్రమాదం దాదాపు లేనట్టే. ఇవ్వకపోవడం వల్ల వచ్చే ప్రమాదం మీరు కళ్లారా చూశారు.

కాబట్టి ఈరోజే ఆ పెన్నును బీరువాలోంచి తీయండి. పిల్లల చేతికి అందకుండా, పెద్దవాళ్ల చేతికి క్షణంలో అందేలా ఉండాలి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు, ఎండలో నిలిపిన కారులో వదలకూడదు. మీద గడువు తేదీ ఉంటుంది, అది ఫోన్‌లో పెట్టుకోండి. సూది, మందు లేకుండా అభ్యాసానికి అచ్చం అలాంటిదే ట్రైనర్ పెన్ను దొరుకుతుంది. డాక్టరును అడిగి తెచ్చుకోండి. మీరు, మీవారు, వాణ్ని చూసుకునే ప్రతి పెద్ద మనిషి దాన్ని పదిసార్లు తొడకు నొక్కి చూడాలి. మాటలతో పోని భయం చేతులకు పని అలవాటైతే చాలావరకు పోతుంది.

ఇక "నేనేమైనా తిన్నానా" అన్న ప్రశ్న. లేదు. కడుపుతో ఉన్నప్పుడు తిన్న ఫలానా దానివల్ల అలెర్జీ వచ్చిందని చెప్పే గట్టి ఆధారం ఏదీ లేదు. అసలు ఈ విషయంలో పెద్ద పెద్ద వైద్యులే దారి మార్చుకున్నారు. అలెర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పిల్లలకు మూడేళ్లదాకా వేరుశనగ పెట్టవద్దని 2000లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పింది. 2008లో ఆ మాట వెనక్కి తీసుకుంది. 2015లో లండన్ పరిశోధకులు 640 మంది పసిపిల్లల మీద చేసిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. అందరూ అలెర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పిల్లలే. నాలుగు నుంచి పదకొండు నెలల మధ్య మొదలుపెట్టి, వేరుశనగ తినిపించిన గుంపులో ఐదేళ్లు వచ్చేసరికి సుమారు 3 శాతం మందికి ఆ అలెర్జీ ఉంది. అసలు పెట్టని గుంపులో 17 శాతం మందికి. అంటే జాగ్రత్త పేరుతో ఆపడమే ఎక్కువ హాని చేసిందన్నమాట. శాస్త్రానికే తెలియడానికి ఇంతకాలం పట్టిన సంగతికి మీరు నేరం మోయనక్కర్లేదు.

ఈ అధ్యయనాన్ని ఎత్తడానికి నాకు ఇంకో కారణం ఉంది. తినగలిగిన దాన్ని అనవసరంగా ఆపేస్తే ఏమవుతుందన్నది మీ ఇంటికి కూడా సంబంధించిన సంగతే. మీ ఉత్తరంలో ఎక్కువ చోటు అత్తగారికి ఇచ్చారు, రిపోర్టుకు రెండు వాక్యాలే ఇచ్చారు. నాకు మాత్రం మీ కష్టంలో సగం ఆ కాగితంలోనే కనిపిస్తోంది.

రక్తపరీక్షలో పాజిటివ్ అంటే, ఆ ఆహారానికి స్పందించే ఐజీఈ అనే యాంటీబాడీ ఒంట్లో ఉందని. అంతే. అది ఉన్నంత మాత్రాన తింటే రియాక్షన్ వస్తుందని కాదు. పాజిటివ్ వచ్చి కూడా హాయిగా తినే పిల్లలు చాలామంది ఉంటారు. అంకె పెద్దదైతే అలెర్జీ నిజంగా ఉండే అవకాశం పెరుగుతుంది, కానీ రియాక్షన్ ఎంత తీవ్రంగా వస్తుందో ఆ అంకె చెప్పదు. అందుకే తెలిసిన స్పెషలిస్టులు తిన్నప్పుడు ఏం జరిగిందో ముందు అడిగి, అనుమానం ఉన్నవాటికే పరీక్ష రాస్తారు. ముప్ఫై రకాలకు ఒకేసారి చేయించే పరీక్షలు ఇలాంటి జాబితాలనే చేతికిస్తాయి. మీ జాబితాలో తొమ్మిది ఉన్నాయి. తిన్నప్పుడు ఒళ్లు చెప్పిన సాక్ష్యం ఉన్నవి రెండే, పాలు, వేరుశనగ. గుడ్డు, గోధుమల విషయంలో ఒళ్లు చెప్పిన సాక్ష్యం దానికి పూర్తిగా వ్యతిరేకం. వాడు తిన్నాడు, ఏమీ కాలేదు.

ఇక్కడ దయచేసి ఒక నిమిషం ఆగండి. ఇది చదివి రేపు పొద్దున్నే గుడ్డు ఉడకబెట్టి పెట్టకండి. అంతకుముందు తట్టుకున్న ఆహారమైనా, ఏళ్లతరబడి ఆపేస్తే కొందరు పిల్లల్లో ఒళ్లు దాన్ని మరిచిపోతుంది, మళ్లీ పెట్టినప్పుడు నిజమైన రియాక్షనే రావచ్చు. ముఖ్యంగా ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి ఎర్రగా దురదపెట్టే జబ్బు, ఉన్న పిల్లల్లో. రెండున్నరేళ్లు చిన్న కాలం కాదు. కాబట్టి ఈ పని ఇంట్లో జరగకూడదు.

అలెర్జీ స్పెషలిస్టు దగ్గర 'ఫుడ్ ఛాలెంజ్' అని చేస్తారు. ఆసుపత్రిలోనే, మందులు పక్కన పెట్టుకుని, అనుమానం ఉన్న ఆహారాన్ని చిటికెడుతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతూ కొన్ని గంటలు గమనిస్తారు. అలెర్జీ ఉందా లేదా అన్నది తేల్చే అసలు పరీక్ష ఇదే. మీరు వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద, తొమ్మిదింటిలో ఏది ఎప్పుడు తిన్నాడు, ఎంత తిన్నాడు, ఎన్ని నిమిషాలకు ఏం జరిగింది, ఏది ఎన్నడూ తినలేదు అన్నది రాసుకుని వెళ్లండి. గుడ్డు, గోధుమలతో మొదలుపెట్టమని నేనైతే అడుగుతాను. ఈ రెండూ తిరిగొస్తే వాడి కంచం సగం నిండుతుంది. నువ్వులు, సోయా, చేప ఎప్పుడూ తిననివి కాబట్టి ఏ వరసలో చూడాలో డాక్టరు చెప్పాలి. అందులో ఒకటో రెండో నిజమైన అలెర్జీ అని తేలవచ్చు. అయినా నష్టం లేదు. అనుమానం మీద ఆపడానికీ తెలిసి ఆపడానికీ మనసు మీద పడే బరువులో చాలా తేడా ఉంది.

ఛాలెంజ్‌కు మీ మనసు ఇప్పుడు ఒప్పుకోకపోతే ఇంకో ఆరు నెలలు ఆగవచ్చు. కానీ ఆ ఆరు నెలలు ఊరికే గడవవు. బరువు ఏడాదిగా పెరగలేదన్నారు. పాలు ఒక్కటి ఆపినా కాల్షియం, మాంసకృత్తులు, విటమిన్ డి వేరే దారిలో అందాలి. మీరు ఆపినవి తొమ్మిది. స్పెషలిస్టు అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరికినా, డైటీషియన్ను మాత్రం ఈ నెలలోనే కలవండి. ఆపిన ప్రతిదానికీ బదులు ఏం పెట్టాలో రాసివ్వమనండి.

లేబుళ్ల గురించి కూడా రెండు మాటలు. పాలు అని రాయకుండా కేసీన్, వే (whey), కేసినేట్ అని రాసినా అవి పాల ప్రొటీన్లే. లాక్టోజ్ తీసేసిన పాలు మీ బాబుకు పనికిరావు, అందులో పోయేది చక్కెరే, ప్రొటీన్ అలాగే ఉంటుంది. మేకపాలు పట్టమని ఎవరైనా చెబితే వినకండి. ఆవుపాలు పడని పిల్లల్లో ఎక్కువమందికి మేకపాల ప్రొటీన్ కూడా పడదు.

మీ ఉత్తరంలో ఎక్కడా ఆశ అన్న మాట లేదు కాబట్టి ఇది కూడా చెబుతాను. పాల అలెర్జీ, గుడ్డు అలెర్జీ ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి పెరిగేకొద్దీ అవి పోతాయి. వేరుశనగది మొండిది, సుమారు ఐదుగురిలో ఒకరికే పోతుంది. పోకపోయినా దారులు ఉన్నాయి. పొరపాటున తగిలినా తీవ్రమైన రియాక్షన్ రాకుండా, వేరుశనగను అతి చిన్న మోతాదుల్లో రోజూ ఇస్తూ ఒంటికి అలవాటు చేసే చికిత్సకు 2020లోనూ, ఒమాలిజుమాబ్ అనే ఇంజెక్షన్‌కు 2024లోనూ అమెరికాలో అనుమతి వచ్చింది. ఇవి జబ్బును పూర్తిగా పోగొట్టవు, వాడుతున్నా జాగ్రత్తలు మానకూడదు, అందరికీ సరిపోవు కూడా. మీ బాబు విషయంలో తొందరేమీ లేదు. ఏటా ఒకసారి స్పెషలిస్టుతో ఈ సంగతి మాట్లాడితే చాలు.

ఇప్పుడు మీ అత్తగారు. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం నా స్నేహితురాలు తన కూతురితో మా ఇంటికి వచ్చింది. పాపకు గుడ్డు పడదని ముందే చెప్పింది. నేను ఆ పిల్లకు విడిగానే వండాను. కానీ గుడ్డు కోసిన కత్తిని గుడ్డతో తుడిచి, అదే కత్తితో ఆ పిల్లకు పండు కోసి ఇచ్చాను. కాసేపట్లో ఆ పాప మొహం నిండా దద్దుర్లు, దగ్గు. నా నోటినుంచి వచ్చిన మొదటి మాట "తుడిచానే!" అని. ఆ పాప ఆ రోజు గట్టెక్కింది. నా స్నేహితురాలు చాలా నెలలు నాతో మాట్లాడలేదు. నేను ఆ పిల్లను ప్రేమించలేదా? ప్రేమించాను. తను చెప్పిన "పడదు" అన్న మాట నాకు అర్థమైందనుకున్నాను, కాలేదు.

ఆ మాట దగ్గరే వస్తోంది చిక్కు. మన భాషలో అన్నిటికీ ఒకటే మాట. చల్లటి నీళ్లు పడవంటాం, కారం పడదంటాం, దుమ్ము పడదంటాం, అత్తాకోడళ్లకు పడదంటాం. కొంచెం ఓర్చుకుంటే పోయేదే అన్న అర్థం ఆ మాటలో ఎప్పుడూ ఉంటుంది. "బాబుకు పాలు పడవు" అని మీరు చెప్పినప్పుడు మీ అత్తగారికి వినిపించింది అదే. కొంచెం కొంచెం పెడితే అలవాటవుతుందన్నది ఆవిడ అనుభవం నేర్పిన తెలివి. ఆవిడ మిగతా జీవితంలో అది నిజం కూడా. అనఫిలాక్సిస్‌ను మొదట గుర్తించిన ఫ్రెంచి శాస్త్రవేత్త షార్ల్ రిషే కూడా 1902 ముందు అలాగే ఆలోచించాడు. సముద్రజీవి విషాన్ని కుక్కలకు కొంచెం ఇస్తే ఒంటికి అలవాటవుతుందనుకున్నాడు. మొదటి మోతాదును తట్టుకున్న కుక్క, కొన్ని వారాల తర్వాత మళ్లీ చిన్న మోతాదు ఇవ్వగానే నిమిషాల్లో చనిపోయింది. ఆ పరిశోధనకు ఆయనకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక శాస్త్రవేత్తనే నివ్వెరపరచిన సంగతి ఇది. ఎవరూ విడమరచి చెప్పకుండా ఆవిడకు ఎలా తెలుస్తుంది?

ఇలా అన్నానని ఆవిడను క్షమించి తీరాలని కాదు. క్షమించడం, బిడ్డను అప్పగించడం రెండు వేరే పనులు. మీరు రెంటినీ ఒకే ముడి వేసుకుని కూర్చున్నారు. మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి నాకు. ఇప్పటిలాగే మాటలు లేకుండా ఉండిపోవచ్చు. బాబుకు ప్రమాదం తగ్గుతుంది, నిజమే, కానీ ఆవిడకు సంగతి ఎన్నటికీ తెలియదు, ఎప్పుడో మీరు లేనప్పుడు మళ్లీ ఎదురుపడుతుంది. పిల్లలు నానమ్మను పోగొట్టుకుంటారు. మీవారు ఇద్దరి మధ్య నలిగి, ఆ విసుగును "అతి చేస్తున్నావు" అన్న మాటగా మీమీదే చూపిస్తూ ఉంటారు. రెండోది, ఏమీ జరగనట్టు పాత పద్ధతికి వెళ్లడం. మీ భయానికి కారణం ఉన్నప్పుడు ఇది నాకు సమ్మతం కాదు. మూడోది, మాటలు కలపడం, తిండి మాత్రం కొంతకాలం ఆవిడ చేతికి ఇవ్వకపోవడం. ఆవిడ బాబుతో ఆడుకోవచ్చు, కథలు చెప్పవచ్చు, పక్కన పడుకోబెట్టుకోవచ్చు. నోట్లో పెట్టేది మాత్రం మీరు విడిగా పెట్టిన డబ్బాలోదే. ఆవిడను ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మీరు చెబితే కోడలి మాట, డాక్టరు చెబితే మందు మాట. ట్రైనర్ పెన్ను ఆవిడ చేత కూడా నొక్కించండి. ఆ రోజు ఆసుపత్రి వరండాలో ఆవిడ ఎలా ఉన్నారో మీ ఉత్తరంలో లేదు. మీరు చూసే స్థితిలో లేరు. బహుశా ఆవిడకూ రాత్రుళ్లు ఆ రెండు చెంచాలే కనిపిస్తున్నాయేమో, ఒకసారి అడిగి చూడండి.

మీవారి సంగతి. "అతి చేస్తున్నావు" అన్నమాట మిమ్మల్ని గాయపరిచింది. అందులో సగం తప్పు, సగం నిజం. పెన్నును ముట్టుకోని మనిషికి మీ జాగ్రత్తను తూచే హక్కు లేదు. ఇది ఆయనకు నేరుగా చెప్పండి. కావాలంటే ఈ జవాబు చదివించండి. లేబుళ్లు చదవడం, డబ్బా సర్దడం, డాక్టరు అపాయింట్‌మెంట్, బడితో మాట్లాడటం, అన్నీ మీ ఒక్కరి నెత్తిన ఉన్నాయి. అన్నీ మీరే చేస్తుంటే ఆయనకు మిగిలేది మీ భయాన్ని చూడటమొక్కటే, ప్రమాదం ఆయన కంటికి కనిపించదు. పనులు పంచండి. బడి వ్యవహారం మొత్తం ఆయనకు అప్పగించమంటాను నేనైతే.

నిజం ఉన్న సగం ఏమిటంటే, మీ భయం ఇప్పుడు అన్నిటిమీదా సమానంగా పరుచుకుని ఉంది. పక్కింటి పిల్లవాడు వేరుశనగ తిని మీ గుమ్మంలో నిలబడితే బాబును లోపలికి లాక్కున్నానని రాశారు. వేరుశనగ వాసన పీల్చడం వల్లో, చర్మానికి కొంచెం తగలడం వల్లో ప్రాణం మీదికి రావడం అత్యంత అరుదు. మరుగుతున్న పాల ఆవిరి లాంటి వాటికి దూరంగా ఉంచండి, అది వేరే సంగతి. అసలు ప్రమాదం నోటి దారినే వస్తుంది. ఎంగిలి చెంచా, కడగని చేతులు, చదవని లేబుల్, అడగకుండా తీసుకున్న ముద్ద, అక్కడ మీరు ఎంత గట్టిగా ఉన్నా అతి కాదు. చేతులు సబ్బుతో కడగాలి, శానిటైజర్ క్రిములను చంపుతుందేమో గానీ వేరుశనగ ప్రొటీన్‌ను తీసేయదు. గుమ్మం దగ్గర కాపలా మానేస్తే, వంటగదిలో కాపలాకు ఓపిక మిగులుతుంది.

బడి, ఉద్యోగం. ఏడాది ఆపవచ్చు, కొంపేమీ మునగదు. ఛాలెంజ్‌లు పూర్తయి, బరువు పెరిగి, వాడికి ఐదున్నర వచ్చి, "ఇది నాకు అలెర్జీ" అని గట్టిగా చెప్పగలిగాక పంపవచ్చు. ఆ ఏడాదిలో మీరు చేయబోయేది ఇదే అయితే మంచిదే. కానీ వాణ్ని కళ్ల ముందు పెట్టుకుంటే భయం తగ్గుతుందనుకుని ఉద్యోగం మానేస్తే, తగ్గదు. ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు ప్రతి దగ్గూ అదే అనిపిస్తుంది. ఒక జీతం పోయిన టెన్షన్ దానికి తోడవుతుంది.

నాకు సబబనిపించేది, పూటబడితో మొదలుపెట్టడం. రెండో మూడో వారాలు తిండివేళకు ముందే ఇంటికి తెచ్చుకోండి. ఈలోగా మీవారు బడితో తేల్చుకోవాల్సినవి ఉంటాయి. డాక్టరు సంతకంతో ఏం చూస్తే ఏం చేయాలో రాసిన ఒక పేజీ, బాబు ఫోటోతో, క్లాసులో ఉండాలి. రెండు పెన్నులు క్లాసుకు దగ్గర్లో, తాళం వేయని చోట ఉండాలి. కనీసం ఇద్దరు టీచర్లు ట్రైనర్ పెన్నుతో మీవారి కళ్ల ముందు చేసి చూపాలి. "మేం చూసుకుంటాంలెండి" అన్న మాట సరిపోదు. చేసి చూపించడానికి వెనకాడే బడి అయితే వేరే బడి చూడండి, ఇందులో మాత్రం మొహమాటం వద్దు. తిండి పంచుకోకూడదన్నది క్లాసు మొత్తానికి నియమం కావాలి. భోజనానికి వాణ్ని ఒంటరిగా మూల కూర్చోబెట్టనివ్వకండి, పక్కన ఒక స్నేహితుడు ఉండాలి. ఎవరిదైనా పుట్టినరోజు వస్తే వాడు చేతులు కట్టుకుని చూస్తూ ఉండకుండా, వాడు తినగలిగినవి ఒక డబ్బాలో టీచరు దగ్గర ముందే పెట్టి ఉంచండి.

బాబు ప్రశ్నకు జవాబు బాకీ ఉంది. మీరు లేచి వెళ్లిపోయారు కదా, ఆ మౌనాన్ని వాడు తనకు తోచినట్టు అర్థం చేసుకుని ఉంటాడు. మీరే మళ్లీ ఎత్తండి. స్నానం చేయించేటప్పుడో, పడుకునేటప్పుడో. "మొన్న నువ్వు ఒకటి అడిగావు. పాలు నీకు అలెర్జీ. తాగితే నీకు చాలా జబ్బు చేస్తుంది. అందుకే మనం అడిగి తింటాం. పొరపాటున తాగినా మన దగ్గర మందుంది. అమ్మకి, నాన్నకి, టీచరుకి ఆ మందు వేయడం వచ్చు" అని చెప్పండి. చచ్చిపోతానా అని మళ్లీ అడిగితే, "అలా జరగకుండా చూసుకోవడానికే పెద్దవాళ్లం అందరం ఉన్నాం" అనండి. అబద్ధం చెప్పకండి, భయపెట్టకండి. ఇంకొకటి, నాలుక గుచ్చుతోందనో గొంతులో ఏదో ఉందనో వాడు అంటే అప్పుడే పట్టించుకోండి. తినకూడనిది తిన్నానని వాడే వచ్చి చెబితే ఎప్పుడూ తిట్టకండి. తిట్లకు జడిసి దాచిపెట్టే పిల్లవాడికి మందు సమయానికి అందదు.

పాప మాట చివరికి మిగిలిపోయింది, మీ ఇంట్లో లాగానే. తొమ్మిదేళ్ల పిల్ల రెండున్నరేళ్లుగా తమ్ముడి రిపోర్టు ప్రకారం తింటోంది. తను అన్న మాటలో తమ్ముడి మీద ద్వేషమేమీ లేదు. కేకు విషయంలో మీకు రెండు దారులున్నాయి. బాబుకు పెట్టకూడనివేవీ లేకుండా ఇంట్లోనే చేసి అందరూ ఒకటే తినడం. లేదా పాపకు ఇష్టమైన మామూలు కేకు ఒకటి, బాబుకు వేరే ఒకటి. రెండోదానిలో చిన్నపిల్లలు చేతులు మార్చుకునే ప్రమాదం ఉంది, ఈ ఏడాదికి మీ మనసు దాన్ని తట్టుకోలేదు. ఇంట్లో మొదటిదే చేయండి. కానీ పాప అడిగింది తనకంటూ ఒకటి. అది మిగిలిపోకూడదు. పుట్టినరోజుకు ముందో తర్వాతో ఒక సాయంత్రం, తనకు నచ్చిన చోటికి, నచ్చిన కేకు తినడానికి మీరిద్దరే వెళ్లండి. బాబు ఆ పూట మీవారి దగ్గర ఉంటాడు, పెన్నులు రెండూ ఆయన చేతికి అందేచోట ఉంటాయి. మధ్యలో ఇంటికి ఫోన్ చేయాలనిపిస్తుంది. ఒక్కసారి చేయండి. ఇంటికి వచ్చేముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలని పాపకు తెలుసు, ఆ ఒక్క సాయంత్రం మీరు గుర్తుచేయకండి.